నాన్నకు జబ్బు పేరు చెప్పలేదు. తప్పొప్పులు తేల్చాల్సింది బుద్ధా, మనసా?

గోదారిగట్టు | నవంబరు 9, రాత్రి 11:40

నాలుగేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాసింది తక్కువ. నీతికి దేవుడు అక్కర్లేదు, బుద్ధి చాలు అని ఈ వేదిక మీద వాదించినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ వాదన మా ఇంట్లోకే వచ్చింది.

నాన్నకు 71 ఏళ్ళు. పశ్చిమ గోదావరిలో మా ఊళ్ళో మూడెకరాలు కౌలుకి చేస్తాడు. సెప్టెంబరు నుంచి అన్నం సయించడం లేదు, నడుంలోకి పొడుచుకొచ్చే నొప్పి. హైదరాబాదు తీసుకొచ్చి స్కాన్, బయాప్సీ చేయించాం. పాంక్రియాస్ క్యాన్సర్. లివర్‌కి పాకింది. నాన్నని బయట బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. నయమయ్యేది కాదు, కీమో ఇస్తే కొన్నాళ్ళు కలిసిరావచ్చు అన్నారు.

బయటికి రాగానే నాన్న "ఏమన్నాడ్రా?" అన్నాడు. "కడుపులో పుండంట, మందులు వాడితే తగ్గిపోద్దంట" అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు, నోట్లోంచి వచ్చేసింది.

అక్క చెప్పొద్దంటుంది. ధైర్యం చచ్చిపోతే మనిషి ముందే పోతాడంటుంది. బావదీ అదే మాట. అమ్మకి ఇంకా తెలీదు. నాకేమో రోజూ ఆయనకి మజ్జిగన్నం పెడుతూ అబద్ధం ఆడుతుంటే తప్పు చేస్తున్నట్టే ఉంది. అక్కతో వాదనకి దిగితే నాది పైచెయ్యి అవుతుంది, అక్క ఏడుస్తుంది. ఆ ఏడుపు చూశాక నా వాదనే తప్పేమో అనిపిస్తుంది.

సలహా కోసమే అడగడం లేదు. ఒక పని తప్పో ఒప్పో తేల్చడంలో బుద్ధికి నిజంగా ఎంత చోటుంది? ముందే మనసులో తేలిపోయినదానికి తర్వాత కారణాలు వెతుక్కుంటున్నామా? మీలో ఎవరైనా దీని గుండా నడిచి ఉంటే చెప్పండి.

సూటిగా | నవంబరు 10, ఉదయం 7:15

ముందుగా, మీ నాన్నగారి సంగతి చదివి బాధేసింది.

నా అభిప్రాయం దాచను. మీకు తప్పు అనిపిస్తున్నది తప్పే. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో చెప్పిన పరీక్ష ఒకటుంది: నువ్వు చేస్తున్న పని అందరూ చేయదగిన నియమంగా నిలబడుతుందా అని చూసుకో. "జబ్బుపడ్డ మనిషికి ఇంట్లోవాళ్ళు అబద్ధం చెప్పవచ్చు" అన్నది నియమమైతే, రేపు మీకు డాక్టరు "ఏం లేదు, పుండే" అని చెప్పినప్పుడు మీరు నమ్మగలరా? నిజంగా పుండే అయినా నమ్మలేరు. అందరూ ఆడే అబద్ధం ఎవరినీ ఓదార్చలేదు.

ఇంకో సంగతి. కీమో వేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఎవరిది? ఆ శరీరం ఆయనది. మీరు మీ అమ్మానాన్నల మీద ప్రేమతోనే ఆయన చేతిలోంచి ఆ నిర్ణయాన్ని తీసేసుకున్నారు. ప్రేమతో తీసుకున్నా తీసుకున్నట్టే.

పాతపుస్తకం | నవంబరు 10, మధ్యాహ్నం 2:05

బాబూ, నేను 33 ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. "సూటిగా" గారి మాటలో బలం ఉంది. కానీ మన పెద్దలు దీన్ని ఇంత తేలిగ్గా తేల్చలేదు.

భాగవతంలో వామనుడికి మూడడుగులు ఇస్తానన్న బలిచక్రవర్తితో శుక్రాచార్యుడు చెప్పిన పద్యం మీకు బళ్ళోనే వచ్చి ఉంటుంది. "వారిజాక్షులందు, వైవాహికములందు, ప్రాణవిత్తమానభంగమందు..." ఇలాంటిచోట్ల బొంకవచ్చు, పాపం అంటదు అంటాడాయన. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అన్నది ఆ జాబితాలో స్పష్టంగా ఉంది.

భారతం కర్ణపర్వంలో కౌశికుడి కథ ఇంకా లోతైనది. కౌశికుడు నిజమే చెప్పాలని వ్రతం పట్టిన బ్రాహ్మణుడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలొచ్చి "ఎటు వెళ్ళారు?" అంటే ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు పోయి అందరినీ చంపారు. నిజం చెప్పిన కౌశికుడు నరకానికి పోయాడు. ఈ కథ కృష్ణుడు అర్జునుడికి ఎప్పుడు చెప్పాడో గుర్తు చేసుకోండి. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక ప్రతిజ్ఞ ఉంది. ఆ మాట ధర్మరాజు నోటే వచ్చింది. మాట నిలబెట్టుకోవడానికి అన్న మీదికి కత్తి దూసిన క్షణంలో కృష్ణుడు ఆపి ఈ కథ చెప్పాడు. నియమం పట్టుకుని కళ్ళు మూసుకున్నవాడికి ధర్మం తెలియదని చెప్పడానికే చెప్పాడు.

అక్కడే ఇంకో మాట అంటాడు: ధర్మం తెలుసుకోవడం కష్టం, కొన్నిచోట్ల తర్కంతోనే నిశ్చయించుకోవాలి, వేదంలో ఉన్నదే ధర్మమని చాలామంది అంటారు కానీ అందులో ప్రతిదీ విధించి లేదు అని. మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

దూరదేశి | నవంబరు 10, సాయంత్రం 6:50

మాస్టారూ, మీరు చెప్పిన కౌశికుడి కథ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అచ్చం ఇదే సందర్భాన్ని కాంట్ 1797లో ఒక చిన్న వ్యాసంలో తీసుకున్నాడు. హంతకుడు తలుపు కొట్టి, నీ ఇంట్లో దాక్కున్న నీ స్నేహితుడు ఎక్కడని అడిగితే అబద్ధం చెప్పవచ్చా? ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ "చెప్పవచ్చు, నిజం వినే హక్కు ఉన్నవాడికే నిజం బాకీ" అన్నాడు. కాంట్ "అప్పుడు కూడా వద్దు" అన్నాడు. కృష్ణుడు నరకానికి పంపిన మనిషిని కాంట్ నిర్దోషి అన్నాడన్నమాట. ఇద్దరూ తర్కం పేరే చెప్పారు.

నేను ఇక్కడ ఒక కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. గోదారిగట్టు గారు అడిగిన రెండో ప్రశ్న, ముందు మనసు తేల్చేసి తర్వాత బుద్ధి కారణాలు వెతుకుతుందా అన్నది, స్కాట్లండ్ వాడైన హ్యూమ్ 1739లో వేసిన ప్రశ్నే. బుద్ధి ఒంటరిగా మనిషిని కదిలించలేదు అన్నాడతను. అది ఉన్నదేమిటో చెబుతుంది, ఏం చేస్తే ఏమవుతుందో చెబుతుంది. కానీ ఎవరి బాధ పట్టించుకోవాలో అది చెప్పదు. నాన్న మీద మీకు ఏ మమకారమూ లేకపోతే ఎంత తర్కించినా "చెప్పాలి" అన్నది పుట్టదు, "చెప్పకూడదు" అన్నదీ పుట్టదు.

అయితే ఒక చరిత్ర కూడా చెప్పాలి. 1961లో అమెరికాలో డాక్టర్లని అడిగితే నూటికి దాదాపు 90 మంది క్యాన్సర్ రోగికి జబ్బు సంగతి చెప్పకపోవడమే తమ అలవాటు అన్నారు. ఎందుకని అడిగితే అనుభవం అన్నారు. తరచి చూస్తే చెప్పి చూసి నేర్చుకున్న అనుభవం కాదది, చెబితే ఏమవుతుందోనన్న వాళ్ళ సొంత భయం. 1979లో అచ్చైన ఇంకో సర్వేలో 97 శాతం మంది చెప్పడమే తమ పద్ధతి అన్నారు. పద్దెనిమిదేళ్ళలో మనుషుల గుండెలు మారిపోలేదు. కారణాలు అడగడం మొదలైంది, చెప్పిన కారణాలు నిలబడలేదు.

మల్లెతీగ | నవంబరు 10, రాత్రి 9:30

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఆ పద్యం వింటే నాకు కడుపు మండుతుంది.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా. నా పెళ్ళి అలాగే చేశారు. ఆయనకి అంతకుముందే ఉన్న జబ్బు అవతలివాళ్ళూ దాచారు, సంబంధం తెచ్చిన మా బంధువులూ దాచారు. "వైవాహికములందు" బొంకవచ్చన్న మాట మా ఇంట్లో నిజంగా అన్నారు, నేను తర్వాత అడిగినప్పుడు. దాచినవాళ్ళలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కాదు. అందరూ నా మంచికే అనుకున్నారు. ఆ ముచ్చట జరుగుతున్న గదిలో నేను లేను, అంతే.

ఇంకో సంగతి. ఆ పద్యం శుక్రాచార్యుడిది. బలి దాన్ని వినలేదు. రాజ్యం పోయినా సరే ఆడినమాట తప్పనన్నాడు. ఆ కథలో మనం గొప్పవాడని చెప్పుకునేది బలిని. మరి పద్యం మాత్రం శుక్రుడిది ఎందుకు బట్టీపడుతున్నాం?

కౌశికుడి కథ గురించి కూడా ఆలోచించాను. అక్కడ అబద్ధం చెప్పాల్సింది ఎవరికి? దొంగలకి. ఎవరిని కాపాడటానికి? దాక్కున్నవాళ్ళని. గోదారిగట్టు గారింట్లో అబద్ధం ఎవరికి చెబుతున్నారు? కాపాడాలనుకుంటున్న మనిషికే. తలుపు కొట్టిన హంతకుడికి చెప్పే అబద్ధం, లోపల మనల్ని నమ్మి కూర్చున్న స్నేహితుడికి చెప్పే అబద్ధం ఒకటెలా అవుతాయి?

సూటిగా | నవంబరు 10, రాత్రి 10:10

మల్లెతీగ గారూ, మీ చివరి పేరా రెండుసార్లు చదివాను. బుద్ధి చేసే పని ఇదే అని నేను చెప్పాలనుకుంటున్నది మీరు చేసి చూపించారు. ఒకేలా కనిపించే రెండింటిని విడదీయడం.

కాంట్ హంతకుడికి కూడా నిజమే చెప్పమన్నదాన్ని నేను ఒప్పుకోలేను. పొద్దున నేను రాసినది ఆ పట్టుదలతో రాశాను, "తీసుకున్నా తీసుకున్నట్టే" అన్నమాట ఆ ఇంటి పరిస్థితిలో కఠినంగా పడి ఉంటుంది. గోదారిగట్టు గారు క్షమించాలి.

కానీ దూరదేశి గారి హ్యూమ్‌ని మాత్రం పూర్తిగా ఒప్పుకోను. మమకారమే మూలమైతే, మమకారం లేనిచోట మనకి బాధ్యత లేదా? 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరి మనసు ఎటుంది? ఆయన్ని వెలివేసింది. ఆ వెలివేసినవాళ్ళకి కూతుళ్ళ మీద మమకారం లేకపోలేదు. పదేళ్ళ పిల్లకి బొట్టు చెరిపి ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళు ఏడుస్తూనే ఆ పని చేశారు. ఏడుపు ఉంది, ప్రేమ ఉంది. "ఎందుకు?" అని అడగడం ఒక్కటే లేదు.

వేపచెట్టు | నవంబరు 11, ఉదయం 6:20

మీరందరూ చదువుకున్నవాళ్ళు. నాకు జరిగింది చెబుతాను.

మా మావయ్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్. వాళ్ళబ్బాయి నిజమే చెప్పాలని పట్టుబట్టి చెప్పేశాడు. మావయ్య ఆ రోజు రాత్రి అన్నం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్ళీ ఇటు తిరగలేదు. నెల తిరక్కుండా పోయాడు. ఆ అబ్బాయి ఇప్పటికీ మనిషి కాలేదు. నిజం నిష్ఠూరం అంటారు గానీ అక్కడ నిష్ఠూరంతో ఆగలేదు. గోదారిగట్టు అన్నా, మీ అక్క మాట తీసెయ్యొద్దు.

రాధిక_సిస్టర్ | నవంబరు 11, మధ్యాహ్నం 3:45

మాది హనుమకొండ. 18 ఏండ్ల సంది క్యాన్సర్ వార్డుల పనిచేస్తున్న. నైట్ డ్యూటీ దిగి పడుకొని లేచినంక మొత్తం చదివిన.

వేపచెట్టు తమ్మీ, మీ మామ సంగతి నాకు మస్తు బాధయింది. ఒక్కటి అడుగుత. చెప్పింది ఎట్ల చెప్పిండ్రు? నిలబడి చెప్పిండ్రా, పక్కన కూసోని చెప్పిండ్రా? చెప్పినంక ఎంతసేపు ఆయన పక్కన ఉన్నరు? నొప్పికి మందు ఉంటదని, ఎవరూ విడిచిపెట్టి పోరని చెప్పిండ్రా? నిజం చెప్పుడు అంటే జబ్బు పేరు చెప్పి లేచిపోవుడు కాదు. తప్పు మీ బావమరిదిది అని అంటలేను. ఆయనకు ఎవరూ నేర్పలే. నేర్పాల్సింది మేము.

ఇంకొకటి. మీరందరూ చెప్పాల్నా, వద్దా అని రెండే దారులు చూస్తున్నరు. వార్డుల మేం చేసేది మూడోది. ముందు అడుగుతం. "మీ ఒంట్ల ఏమైతున్నదని మీరు అనుకుంటున్నరు?" అని ఒకటి. "రిపోర్టుల సంగతి మీకు చెప్పమంటరా, ఇంట్ల ఎవరికన్న చెప్పమంటరా?" అని ఇంకొకటి. కొందరు అన్నీ చెప్పుమంటరు. కొందరు "నా కొడుకుకు చెప్పుండ్రి, నాకొద్దు" అంటరు. అది గూడ వాళ్ళ నిర్ణయమే. ఆ మాట వాళ్ళ నోటినుంచి రావాలె. మనం వాళ్ళ తరఫున అనుకోవద్దు.

గోదారిగట్టు తమ్మీ, కీమో పెడితే సంతకం ఆయనే చేయాలె. తెలివిల ఉన్న పెద్దమనిషికి బదులు ఇంటోళ్ళు సంతకం పెడితే చెల్లదని సుప్రీంకోర్టు 2008లనే చెప్పింది, అత్యవసరం అయితే వేరే. పుండు అని చెప్పి కీమో కాగితం మీద సంతకం ఎట్ల పెట్టిస్తరు? జుట్టు ఊడినప్పుడు ఏం చెప్తరు? ఒక అబద్ధం నిలబడాలంటే దానికి ఎన్ని పోట్లు పెట్టాల్నో నేను రోజూ చూస్త. ఆఖరికి ఇంటోళ్ళు పేషెంట్ దగ్గర కూసునుడు తగ్గిస్తరు. ఎందుకంటే కూసుంటే అడుగుతడు. ఆయనేమో అడిగితే వీళ్ళు బాధపడ్తరని అడగడు.

పాతపుస్తకం | నవంబరు 11, సాయంత్రం 5:30

మల్లెతీగమ్మా, నువ్వన్నది నిజం. ఏళ్ళ తరబడి ఆ పద్యం పిల్లలచేత చదివించాను, ఎవరికి చెప్పే బొంకు అని ఒక్కసారీ అడగలేదు. నీ పెళ్ళి సంగతికి ఈ ముసలివాడి మనసు నొచ్చుకుంది.

సూటిగా గారు వీరేశలింగం పేరెత్తారు కాబట్టి ఒకమాట. ఆయన ఉత్త తర్కంతో పోరాడలేదు. అంతకుముందు బెంగాల్లో విద్యాసాగర్ వాడిన పరాశరస్మృతి శ్లోకాన్నే ఆయనా చూపించాడు. భర్త పోతే, కనపడకపోతే, సన్యసిస్తే స్త్రీకి వేరొక పతి విహితమే అన్న శ్లోకం. ప్రత్యర్థులూ శాస్త్రమే చూపించారు. శాస్త్రాలు రెండువైపులా పలికినప్పుడు, దేన్ని పట్టుకోవాలో చెప్పేది శాస్త్రం కాదు కదా. యుక్తి లేని విచారణ వల్ల ధర్మహాని అని బృహస్పతి స్మృతిలో ఉంది. తీర్పరులకి చెప్పిన మాట అది.

అయితే తర్కాన్ని నెత్తిన పెట్టుకోవద్దని కూడా మనవాళ్ళే చెప్పారు. కృష్ణుడు తర్కించమన్న అదే భారతంలో, యక్షప్రశ్నల దగ్గర ధర్మరాజు "తర్కానికి నిలకడ లేదు" అంటాడు. వేదాలు వేరువేరుగా చెబుతాయి, ఏ ఒక్క ముని మాటా ప్రమాణం కాదు, ధర్మం గుహలో దాగి ఉంది, పెద్దలు నడిచినదే దారి అంటాడు. ఎన్నేళ్ళు చదివినా ఈ రెండు మాటలూ నాకు ఒకచోట కుదరలేదు. రాధికమ్మ రాసినది చదివాక కొంత అర్థమైనట్టుంది. ఆవిడ ఏ సూత్రమూ చెప్పలేదు. అడుగుతాం అంది.

దూరదేశి | నవంబరు 11, రాత్రి 8:00

మాస్టారూ, బుద్ధుడు కాలాములనే జనానికి చెప్పినదాన్ని హేతువాదులు తరచు ఎత్తి చూపిస్తారు. పరంపరగా వస్తోందని నమ్మొద్దు, గ్రంథంలో ఉందని నమ్మొద్దు, గురువు చెప్పాడని నమ్మొద్దు. కానీ ఆ జాబితాలోనే "తర్కానికి కుదిరిందని కూడా నమ్మొద్దు" అని ఉంది. అది చాలామంది వదిలేస్తారు. మరి దేన్ని పట్టుకోవాలంటే, ఇది హాని చేస్తుంది, ఇది మేలు చేస్తుంది అని మీకు మీరే తెలుసుకున్నప్పుడు అంటాడు.

మన చర్చలో హ్యూమ్ పక్షం వహించాను కాబట్టి ఒప్పుకోవలసింది కూడా చెబుతాను. గోదారిగట్టు గారి అక్కగారి కన్నీళ్ళు నిజమైనవి. కానీ ఆ కన్నీళ్ళలో ఒక నమ్మకం దాగి ఉంది: చెబితే నాన్న తట్టుకోలేడు అని. అది భావం కాదు. అది జరగబోయేదాని గురించి ఒక అంచనా. నిజమో కాదో కనుక్కోవచ్చు. నాన్నగారు ఇంతకుముందు పెద్ద నష్టాలని ఎలా తట్టుకున్నారో వాళ్ళిద్దరికీ తెలిసే ఉంటుంది.

వేపచెట్టు | నవంబరు 11, రాత్రి 9:15

సిస్టర్ అడిగినదానికి జవాబు. వార్డు బయట నిలబడి చెప్పాడంట. తర్వాత ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడంట. మావయ్య ఆ సాయంత్రం ఒక్కడే ఉన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఆ భాగం గురించి ఆలోచించలేదు.

గోదారిగట్టు | నవంబరు 16, రాత్రి 10:20

వారం రోజులు ఇటు రాలేదు. అందరికీ విడివిడిగా జవాబులు రాయలేను, ఒక్కొక్కటీ చాలాసార్లు చదివాను.

దూరదేశి గారు చెప్పినట్టు అక్కని ఒకటే అడిగాను. 1996 నవంబరు తుపానుకి చేతికొచ్చిన పంటంతా పోయినప్పుడు నాన్న ఏం చేశాడు అని. అక్కకి అప్పుడు పదేళ్ళు. కొంచెంసేపు ఊరుకుని, "మర్నాడు పొద్దున్నే చేలోకెళ్ళి పడిపోయిన వరి కట్టలు కట్టాడు" అంది. ఇంకేం వాదించలేదు. "నువ్వే అడుగు, నేను పక్కన కూర్చుంటాను" అంది.

గురువారం సాయంత్రం బాల్కనీలో కూర్చున్నాం ముగ్గురం. సిస్టర్ రాసినట్టే అడిగాను. "నాన్నా, ఒంట్లో ఏమైందనుకుంటున్నావ్?" చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పుండైతే ఇన్ని టెస్టులెందుకురా" అన్నాడు. "రిపోర్టులో ఉన్నది నీకు చెప్పమంటావా, నేనూ అక్కా చూసుకోమంటావా?" అన్నాను.

"జబ్బు పేరు నాకెందుకు. దాళ్వాకి ఉంటానా? అది చెప్పు" అన్నాడు.

ఇంత చర్చలోనూ నాకు తట్టనిది అది. ఆయనకి కావలసిన నిజం అంతే. దాళ్వా అంటే మా వైపు రెండో పంట వరి. డిసెంబరులో ఆకుమడి పోయాలి, కోతలు ఏప్రిల్లో. కౌలుదారుగా మాట ఇవ్వాలో వద్దో తేల్చుకోవాలి. "చెయ్యలేవు నాన్నా" అన్నాను. కోతల దాకా ఉంటావో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడని కూడా చెప్పాను. అక్క చెయ్యి పట్టుకుంది. ఆయన ఏడవలేదు, మేమే ఏడ్చాం.

రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి ఇంకోటి చెప్పాడు. రెండేళ్ళ కిందట కోతకూలీకి డబ్బు తక్కువైతే ఊళ్ళో ఒకాయన దగ్గర 40,000 తీసుకున్నాడంట. నోటు లేదు, సాక్షి లేడు, అమ్మకి కూడా తెలీదు. "ఆయన అడగడు. నేను పోయాక అసలే అడగడు. నువ్వు ఇచ్చెయ్యాలి" అన్నాడు. పుండు కథే సాగిస్తూ ఉంటే ఆ బాకీ ఆయనతోనే పోయేది.

కీమో వద్దన్నాడు. ఎందుకు వద్దో ఆయనే డాక్టరుకి చెప్పాడు, నేను పక్కన కూర్చున్నాను. అమ్మకి తనే చెబుతానన్నాడు.

సిస్టర్, నొప్పి మాత్రలు రాసిచ్చారు. రాత్రి రెండింటికి నొప్పి లేస్తోంది, తర్వాతి మాత్ర టైము ఆరింటికి. ముందే ఇవ్వచ్చా, డాక్టర్ని అడిగి డోసు మార్పించాలా? శనివారం ఊరికి బయల్దేరుతున్నాం, కౌలు చేలో చివరి కోత చూస్తానంటున్నాడు.

రాధిక_సిస్టర్ | నవంబరు 16, రాత్రి 10:55

తమ్మీ, సొంతంగా ముందే ఇయ్యకు. రేపు పొద్దుగాల డాక్టరుకు ఫోన్ చేసి, రాత్రి రెండింటికి నొప్పి లేస్తుందని ఇట్లనే చెప్పు. టైము, డోసు ఆయన మారుస్తడు. మధ్యల లేచే నొప్పికి వేరే మాత్ర కూడా రాసిస్తరు, అది అడుగు. మలబద్ధకం అయితది, దానికి మందు తప్పకుండ రాయించుకో. ఊర్లె దగ్గర్ల ఈ మందులు ఎక్కడ దొరుకుతయో బయల్దేరక ముందే కనుక్కో, పదిహేను రోజులకు సరిపోను వెంట పెట్టుకో. దారిల కుదుపులకు నడుం కింద మెత్త పెట్టుండ్రి.